హోమ్ పార్టీ విక్రయాల్లో బుకింగ్ అభ్యంతరాలు

ఒక ఇంట్లో బంధుమిత్రులు, ఇరుగుపొరుగు వారు కలిసినప్పుడు కంపెనీ తరఫున విక్రేత వచ్చి, సరుకును వాడి చూపించి, అక్కడే ఆర్డర్లు తీసుకునే ప్రత్యక్ష విక్రయ పద్ధతిని హోమ్ పార్టీ విక్రయం అంటారు. వ్యాపార పరిభాషలో దీనికే పార్టీ ప్లాన్ అని పేరు. తమ ఇంట్లో అలాంటి సమావేశం పెట్టడానికి ఒకరు ఒప్పుకొని తేదీ ఖాయం చేస్తే అది బుకింగ్. పార్టీ పెట్టమని అడిగినప్పుడు ఎదుటివారు చెప్పే ఇబ్బంది, సందేహం, వాయిదా లేదా నిరాకరణ బుకింగ్ అభ్యంతరం. ఈ వ్యాసం బుకింగ్ అభ్యంతరాల నేపథ్యం, రకాలు, వాటికి విక్రేతలు స్పందించే తీరు, ఆ స్పందనకు ఉన్న నైతిక, చట్టపరమైన హద్దులను వివరిస్తుంది.

## నిర్వచనం, పరిభాష

హోమ్ పార్టీలో మూడు పాత్రలుంటాయి. విక్రేత సాధారణంగా కంపెనీ ఉద్యోగి కాదు. కమీషన్ మీద పనిచేసే స్వతంత్ర వ్యక్తి. కంపెనీని బట్టి డీలర్, కన్సల్టెంట్, డెమాన్‌స్ట్రేటర్ అని పిలుస్తారు. ఆతిథేయి తన ఇంటిని వేదికగా ఇచ్చి, తనకు తెలిసినవారిని పిలుస్తుంది. అతిథులు సరుకు చూసి, నచ్చితే కొంటారు. ఆతిథేయికి కమీషన్ ఉండదు. ఆ రోజు జరిగిన అమ్మకాలను బట్టి, ఆ పార్టీ నుంచి కుదిరిన కొత్త బుకింగులను బట్టి ఉచిత వస్తువులో, తగ్గింపు ధరలో లభిస్తాయి. దీన్ని ఆతిథేయి కానుక అంటారు.

బుకింగ్ అభ్యంతరం, కొనుగోలు అభ్యంతరం ఒకటి కావు. కొనుగోలు అభ్యంతరం ధర, నాణ్యత, అవసరం చుట్టూ తిరుగుతుంది. పార్టీ పెట్టమన్నప్పుడు ఎదుటివారిని అడిగేది డబ్బు కాదు. వారి ఇల్లు, సమయం, శ్రమ, అన్నిటికీ మించి నలుగురిలో వారికున్న మాట. అందుకే వస్తువు ఎంతో నచ్చి కొన్నవారు కూడా పార్టీ పెట్టడానికి వెనకాడవచ్చు. వస్తువు గురించి మళ్లీ మళ్లీ పొగిడితే ఆ వెనకాడటం తగ్గదు.

## చరిత్ర

### తొలి దశ

అమెరికాలో ఇంటింటి విక్రయం 19వ శతాబ్దంలోనే స్థిరపడింది. తర్వాతి కాలంలో ఏవాన్‌గా పేరు మార్చుకున్న కాలిఫోర్నియా పెర్ఫ్యూమ్ కంపెనీ 1886లో మొదలై, మహిళా ప్రతినిధుల ద్వారా ఇళ్లకు వెళ్లి సుగంధ ద్రవ్యాలు అమ్మింది. 1920లలో వేర్ ఎవర్ అల్యూమినియం పాత్రల విక్రేతలు ఒక ఇంట్లో వంట చేసి, అక్కడికి వచ్చినవారికి పాత్రల పనితీరు చూపేవారు. ఒక్కో తలుపు తట్టే బదులు ఒకే ఇంట్లో పదిమందికి చూపవచ్చన్న ఆలోచన ఇలాంటి ప్రదర్శనల నుంచి బలపడింది.

ఫుల్లర్ బ్రష్ కంపెనీలో పనిచేసిన ఫ్రాంక్ స్టాన్లీ బెవరిడ్జ్ 1931లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్‌ఫీల్డ్‌లో స్టాన్లీ హోమ్ ప్రొడక్ట్స్ స్థాపించారు. ఆతిథేయికి కానుక ఇచ్చి ఆమె ఇంట్లో ప్రదర్శన పెట్టే పద్ధతిని విస్తృతంగా అమలు చేసిన తొలి సంస్థల్లో ఇది ముఖ్యమైనది. ఈ రంగంలో తర్వాత పేరుపొందిన పలువురు ఇక్కడే పని నేర్చుకున్నారు. వారిలో మేరీ క్రౌలీ 1957లో హోమ్ ఇంటీరియర్స్ అండ్ గిఫ్ట్స్‌ను, మేరీ కే యాష్ 1963లో డాలస్‌లో మేరీ కే సంస్థను ప్రారంభించారు.

### టప్పర్‌వేర్ దశ

గాలి చొరబడని మూతతో ఎర్ల్ టప్పర్ రూపొందించిన ప్లాస్టిక్ డబ్బాలు 1940లలో దుకాణాల్లో అంతగా అమ్ముడుపోలేదు. మూత ఎలా బిగించాలో ఎవరైనా చేసి చూపితే తప్ప కొనేవారికి అర్థం కాకపోవడం ఇందుకు ఒక కారణం. స్టాన్లీ విక్రేతగా పనిచేసిన బ్రౌనీ వైజ్ ఈ డబ్బాలను ఇళ్లలోని పార్టీల ద్వారా అమ్మి మంచి ఫలితాలు సాధించారు. 1951లో టప్పర్ తన సరుకును దుకాణాల నుంచి ఉపసంహరించి, పార్టీ విక్రయ విభాగాన్ని ఆమెకు అప్పగించారు. 1954 ఏప్రిల్‌లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రంపై ఆమె కనిపించారు. ఆ పత్రిక ముఖచిత్రంపై చోటు పొందిన తొలి మహిళ ఆమే. 1958 ఆరంభంలో ఆమెను సంస్థ నుంచి తొలగించారు. అదే ఏడాది టప్పర్ కంపెనీని రెక్సాల్ సంస్థకు అమ్మేశారు.

### విస్తరణ

డోరిస్ క్రిస్టఫర్ 1980లో ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రారంభించిన పాంపర్డ్ షెఫ్ వంటింటి పరికరాలను వండి చూపే పార్టీలతో పెరిగింది. 2002లో దాన్ని బెర్క్‌షైర్ హాథవే కొనుగోలు చేసింది. బ్రిటన్‌లో యాన్ సమ్మర్స్ సంస్థ 1981లో పార్టీ విక్రయాలు మొదలుపెట్టింది. టప్పర్‌వేర్ మాతృసంస్థ 2024 సెప్టెంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరింది.

### భారతదేశం, తెలుగువారు

టప్పర్‌వేర్ 1996లో భారతదేశంలో అమ్మకాలు ప్రారంభించింది. నెలనెలా సభ్యులు కొంత సొమ్ము వేసుకుని, వంతులవారీగా ఒక్కో ఇంట్లో కలిసే కిట్టీ పార్టీలు నగరాల్లో అప్పటికే ఉన్నాయి. డెమో పెట్టడానికి అవి అనువైన వేదికలయ్యాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల అపార్ట్‌మెంట్లలో వంటింటి డబ్బాలు, సౌందర్య సాధనాలు, ఫ్యాషన్ నగల డెమోలు ఇలా సాగాయి. తెలుగు పట్టణాల్లో ఇంట్లోనే చీరలు పెట్టుకుని తెలిసినవారికి వాయిదాల మీద అమ్మడం పాత అలవాటే. అయితే అందులో విక్రేత తన ఇంట్లోనే అమ్ముతుంది కాబట్టి ఇతరుల ఇళ్ల కోసం బుకింగ్ అడగాల్సిన పని ఉండదు. అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో వారాంతాల్లో ఇళ్ల దగ్గర జరిగే చీరలు, నగల అమ్మకాలు ఈ రెండు పద్ధతుల్లోనూ కనిపిస్తాయి.

## బుకింగ్ గొలుసు పనిచేసే తీరు

పార్టీ ప్లాన్‌లో విక్రేతకు దుకాణం ఉండదు. రేపటి వేదిక ఇవాళ్టి అతిథుల్లోంచే రావాలి. ఒక పార్టీకి వచ్చినవారిలో ఒకరిద్దరు తమ ఇంట్లోనూ పెట్టడానికి ఒప్పుకుంటే, వారు పిలిచే కొత్త అతిథుల్లోంచి మళ్లీ కొత్త ఆతిథేయులు దొరుకుతారు. దీన్నే బుకింగ్ గొలుసు అంటారు.

రద్దులు ఈ లెక్కను ఎలా మారుస్తాయో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ఒక విక్రేత నెలకు 8 పార్టీలు చేస్తుందనుకుందాం. ప్రతి పార్టీ నుంచి ఒక బుకింగ్ వచ్చి, ప్రతి నాలుగింటిలో ఒకటి రద్దయితే మరుసటి నెలకు మిగిలేవి 6. ఆ తర్వాతి నెలకు నాలుగైదు మాత్రమే. నెలకు 8 నిలవాలంటే దాదాపు 11 బుకింగులు కావాలి. కాబట్టి అమ్మకాలు బాగున్న నెలలోనే బుకింగులు తగ్గితే, దాని దెబ్బ తర్వాతి నెలల్లో తగులుతుంది. శిక్షణలో అమ్మకం కంటే బుకింగ్‌కు ఎక్కువ సమయం ఇవ్వడానికి కారణం ఇదే.

## అభ్యంతరాల రకాలు

అభ్యంతరాలను వాటి వెనకున్న కారణాన్ని బట్టి ఐదు తరగతులుగా విభజించవచ్చు.

సమయం, వీలు. "ఇప్పుడు అస్సలు తీరిక లేదండి", "పిల్లల పరీక్షలు అయ్యాక చూద్దాం", "పండుగ పనుల్లో ఉన్నాం" వంటివి. ఇవి చాలాసార్లు వాస్తవాలే. పార్టీ అంటే ఇల్లంతా సర్దడం, టిఫిన్లు చేయడం అన్న భయం కూడా వీటి వెనక ఉండవచ్చు.

స్థలం, ఖర్చు. "మా ఇల్లు చిన్నది, పదిమంది పట్టరు", "అద్దె ఇల్లు, ఓనర్లు ఏమంటారో", "వచ్చినవాళ్లకు ఏదో ఒకటి పెట్టాలి కదా" వంటివి. అతిథి మర్యాదలో లోపం జరిగితే మాట పడాల్సి వస్తుందన్న జంకు ఇందులో ఉంటుంది.

పరిచయాల కొరత. "ఈ ఊరికి కొత్తగా వచ్చాం", "నాకు అంతమంది తెలియదు", "నాకు తెలిసినవాళ్లంతా ఇవాళ ఇక్కడే ఉన్నారు" వంటివి. చివరి మాట విక్రేతకు ముఖ్యమైన సమాచారం. ఒకే వీధి, ఒకే అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగే గొలుసు త్వరగా ఆగిపోతుంది.

కుటుంబ నిర్ణయం. "మా వారిని అడిగి చెప్తాను", "అత్తయ్యగారు ఒప్పుకోవాలి" వంటివి. ఇది నిజంగా అడగాల్సిన విషయం కావచ్చు. నేరుగా కాదనలేక చెప్పిన మర్యాద మాటా కావచ్చు.

సంబంధాల గురించిన జంకు. "నా మొహమాటానికి కొంటారేమో", "స్నేహితుల దగ్గర వ్యాపారం చేసినట్టుంటుంది" వంటివి. పైకి సమయం, స్థలం పేరుతో వచ్చే అభ్యంతరాల్లో కొన్నింటి అసలు కారణం ఇదే. దీన్ని పైపైన చెప్పే సౌకర్యాలతో తీర్చలేరు.

ఇవి కాక "చూద్దాంలెండి", "నేనే ఫోన్ చేస్తాను" అనే అస్పష్టమైన వాయిదాలు వేరు. వీటిని అంగీకారంగానో నిరాకరణగానో విక్రేత తనంతట తాను తీర్మానించుకుంటే పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ.

## స్పందన పద్ధతులు

### ముందే తీర్చడం

అనుభవం ఉన్న విక్రేతలు అభ్యంతరం వచ్చేదాకా ఆగరు. పార్టీ జరిగే తీరే దానికి సమాధానమయ్యేలా చూసుకుంటారు. ప్రదర్శన గంటలోపు ముగిస్తే సమయం గురించిన భయం తగ్గుతుంది. టీ, బిస్కెట్లతో సరిపెట్టమని ఆతిథేయికి ముందే చెబితే, చూసినవారికి ఖర్చు భయం పోతుంది. విక్రేత ఒత్తిడి చేసిన పార్టీని చూసిన అతిథి, తనకు ఎన్ని హామీలిచ్చినా తన ఇంట్లో పెట్టడానికి ముందుకు రాదు. బుకింగ్ ప్రస్తావన ఆరంభంలో ఒకసారి, ఆతిథేయి కానుక చూపేటప్పుడు మధ్యలో, ఆర్డర్ రాసుకునేటప్పుడు చివర్లో వస్తుంది. అందరి ముందు అడిగితే కాదనడం కష్టం కాబట్టి, అసలు అడగడం ఒక్కొక్కరితో విడిగా జరగడం మర్యాద.

### సంభాషణలోని దశలు

మొదటిది, మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా వినడం. రెండోది, ఒక ప్రశ్నతో అసలు కారణం తెలుసుకోవడం: "తేదీ కుదరకనా అండీ, లేక ఇంట్లో పెట్టడమే ఇబ్బందిగా ఉందా?" మూడోది, ఆ కారణానికి సరిపోయేలా పార్టీ రూపాన్ని మార్చి చూపడం. నాలుగోది, ఆసక్తి కనిపిస్తే రెండు తేదీలు సూచించడం. ఐదోది, నిర్ణయం పూర్తిగా వారికే వదలడం.

స్థలం గురించిన అభ్యంతరానికి "నలుగురు కూర్చుంటే చాలండి. ఎక్కువమంది వస్తే అందరి చేతికీ వస్తువు ఇచ్చి చూపడం నాకే కుదరదు" అన్నది నిజమైన, ఉపయోగపడే సమాధానం. పరిచయాలు తక్కువైతే ఇద్దరు కలిసి ఒకే పార్టీ పెట్టుకోవచ్చు; ఆఫీసులోనో పిల్లల స్కూలు దగ్గరో పరిచయమైన ఇద్దరు ముగ్గురిని పిలవవచ్చు. తీరిక లేనివారికి కేటలాగ్ పార్టీ మరో దారి. అందులో సమావేశం ఉండదు. ఆతిథేయి కేటలాగును తెలిసినవారికి చూపి ఆర్డర్లు సేకరిస్తుంది. కుటుంబాన్ని అడగాలన్నవారితో "తప్పకుండా అడగండి. శనివారం సాయంత్రం ఫోన్ చేయమంటారా?" అని ఒక సమయం అనుకుంటే సరిపోతుంది. అక్కడే వారి అత్తగారికో భర్తకో ఫోన్ కలపమనడం ఒత్తిడి.

మొహమాటం గురించిన అభ్యంతరానికి రెండే సమాధానాలున్నాయి. కొనడం తప్పనిసరి కాదని పిలుపులోనే స్పష్టంగా రాయడం ఒకటి. అలా రాసినా ఆమెకు ఇబ్బందిగానే ఉంటే అడగడం మానేయడం రెండోది.

### ప్రచారంలో ఉన్న సూత్రం, దాని పరిమితి

శిక్షణల్లో మూడు మెట్ల సూత్రం ఒకటి విస్తృతంగా నేర్పుతారు: మీ ఇబ్బంది నాకు అర్థమైంది, ఇంకొకరికీ అలాగే అనిపించింది, తీరా పెట్టి చూశాక వారికి ఇలా తేలింది. నిజంగా అలాంటి వ్యక్తి ఉంటే ఇది సహజంగా పనిచేస్తుంది. కల్పించి చెబితే అది తప్పుదారి పట్టించడమే. వల్లెవేసినట్టు చెప్పినా విన్నవారికి ఇట్టే తెలిసిపోతుంది.

### బుకింగ్ తర్వాత

తేదీ రాసుకున్నంత మాత్రాన పార్టీ జరగదు. బుక్ చేసిన ఆతిథేయిని ఒకటి రెండు రోజుల్లోనే పలకరించడం, పిలవాల్సినవారి జాబితా వేయడంలో సాయపడటం, ముందురోజు గుర్తుచేయడం ఆతిథేయి శిక్షణలో భాగాలు. రెండు మూడు వారాల్లోపు తేదీలు నిలుస్తాయని, దూరపు తేదీలు ఎక్కువగా రద్దవుతాయని విక్రేతలకు నేర్పుతారు. ఒత్తిడితో తీసుకున్న బుకింగ్ సాధారణంగా ఈ దశలోనే జారిపోతుంది: ఆతిథేయి ఫోన్ ఎత్తదు, లేదా అతిథులను పిలవదు.

## పరిశోధనల వెలుగులో

హోమ్ పార్టీ సామాజిక శాస్త్రవేత్తలను ఆకర్షించిన విషయం. రాబర్ట్ చాల్దీని 1984లో ప్రచురించిన ఇన్‌ఫ్లుయెన్స్ గ్రంథంలో టప్పర్‌వేర్ పార్టీని వివరంగా చర్చించారు. చిన్న బహుమతి అందుకున్నందుకు బదులు తీర్చాలనిపించడం, నలుగురూ చేస్తున్నది తామూ చేయడం, అడిగేది స్నేహితురాలు కావడం వంటి అనేక ప్రభావాలు అక్కడ ఒకేసారి పనిచేస్తాయని ఆయన చూపారు. జొనాథన్ ఫ్రెంజెన్, హ్యారీ డేవిస్ 1990లో ప్రచురించిన అధ్యయనం ఆతిథేయితో అతిథికున్న అనుబంధం కొనుగోలు అవకాశాన్ని పెంచుతుందని నిరూపించింది. నికోల్ బిగార్ట్ 1989లో ప్రత్యక్ష విక్రయ సంస్థలపై వెలువరించిన గ్రంథంలో, సామాజిక సంబంధాలే ఈ సంస్థల నిర్మాణానికి ఆధారమని విశ్లేషించారు.

అభ్యంతరాల విషయంలో మరికొన్ని అధ్యయనాలు వర్తిస్తాయి. జొనాథన్ ఫ్రీడ్‌మన్, స్కాట్ ఫ్రేజర్ 1966లో చేసిన ప్రయోగాల్లో, ముందు చిన్న కోరికకు ఒప్పుకున్నవారు తర్వాత పెద్ద కోరికకు ఒప్పుకునే అవకాశం పెరిగింది. కేటలాగ్ పార్టీ పెట్టినవారు తర్వాత ఇంట్లో పార్టీకి సిద్ధపడటాన్ని ఈ సూత్రంతో వివరించవచ్చు. తన స్వేచ్ఛకు అడ్డు వస్తున్నారనిపిస్తే మనిషి ఎదురు తిరుగుతాడని జాక్ బ్రెమ్ 1966లో ప్రతిపాదించారు. ఒప్పుకోవడం, మానడం మీ ఇష్టమని స్పష్టంగా చెబితే అంగీకారం పెరుగుతుందని నికొలా గెగాన్, అలెగ్జాండ్ర్ పాస్కువాల్ 2000లో చూపారు. దగ్గరివారి కంటే కొద్దిపాటి పరిచయస్తుల ద్వారానే కొత్త సమాచారం కొత్త వలయాలకు చేరుతుందని మార్క్ గ్రానోవెటర్ 1973లో రాసిన వ్యాసం, ఒకే వలయంలో చిక్కుకున్న బుకింగ్ గొలుసు ఎందుకు ఆగిపోతుందో అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది.

## చట్టపరమైన నియమాలు

భారతదేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ప్రత్యక్ష విక్రయ నియమాలను 2021 డిసెంబరు 28న నోటిఫై చేశారు. వీటి ప్రకారం విక్రేత గుర్తింపు కార్డు లేకుండా, ముందస్తు అనుమతి లేకుండా వినియోగదారుడి ఇంటికి వెళ్లకూడదు. మాట మొదలుపెట్టినప్పుడే తానెవరో, ఏ కంపెనీ తరఫున ఏం అమ్మడానికి వచ్చారో నిజాయితీగా చెప్పాలి. ధర, చెల్లింపు, వాపసు షరతులు వివరించాలి. పిరమిడ్ పథకాలు, మనీ సర్క్యులేషన్ పథకాలు నిషిద్ధం. విక్రేతగా చేరినవారు నిర్ణీత గడువులో జరిమానా లేకుండా ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు. 2021 నాటి ఈ నియమాలకు ముందు 2016లో కేంద్రం మార్గదర్శకాలు జారీ చేసింది.

ఈ చట్ట చరిత్రలో తెలుగు నేలకు నేరుగా సంబంధం ఉంది. 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం ఆమ్‌వే పథకానికి వర్తిస్తుందా అన్న వివాదంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో కంపెనీకి వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. ఆమ్‌వేది ప్రధానంగా బహుళ స్థాయి విక్రయ పద్ధతి, పార్టీ ప్లాన్ కాదు. అయినా సరుకు అమ్మకం మీద వచ్చే ఆదాయానికీ, మనుషులను చేర్చడం మీద వచ్చే ఆదాయానికీ తేడా ఈ రంగమంతటికీ కీలకమైంది.

అమెరికాలో ఇంటి వద్ద 25 డాలర్లు లేదా అంతకు మించిన కొనుగోలును మూడు పనిదినాల్లోపు రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ద్వారా ఉంది. యూరోపియన్ యూనియన్ 2011 నాటి ఆదేశం దుకాణం వెలుపల జరిగే ఒప్పందాలకు 14 రోజుల గడువు ఇస్తుంది.

## విమర్శలు

పార్టీ ప్లాన్‌పై ప్రధాన విమర్శ స్నేహాన్ని అమ్మకానికి వాడుకుంటుందన్నది. అతిథికి వస్తువు అక్కర్లేకపోయినా ఆతిథేయి ముఖం చూసి కొనవచ్చు. ప్రతి నిరాకరణనూ దాటాల్సిన అడ్డంకిగా నేర్పే శిక్షణ ఈ సమస్యను పెంచుతుంది. "నువ్వొక్కదానివి బుక్ చేస్తే ఆమెకు కానుక పూర్తవుతుంది" అని అతిథిని నలుగురిలో అడగడం ఇలాంటి ఒత్తిడికి ఉదాహరణ. విక్రేత వైపు నుంచీ ఇబ్బందులున్నాయి: ఆదాయం అస్థిరం, ప్రయాణం, డెమో సామగ్రి ఖర్చులు ఆమెవే, పరిచయాలు అయిపోగానే పని ఆగిపోతుంది. మరోవైపు, పెట్టుబడి, దుకాణం, విద్యార్హత లేని మహిళలకు తమ వీలును బట్టి సంపాదించే అవకాశాన్ని, నలుగురిలో మాట్లాడే ధైర్యాన్ని ఈ పద్ధతి ఇచ్చిందన్నది సమర్థకుల వాదన. ఈ రెండూ చరిత్రలో ఆధారాలున్న వాదనలే.

## ఆన్‌లైన్ పార్టీలు

సామాజిక మాధ్యమాలు వచ్చాక పార్టీ ఫేస్‌బుక్ గ్రూపులకు, వాట్సాప్‌కు, ప్రత్యక్ష వీడియోలకు మారింది. కోవిడ్ కాలంలో ఈ మార్పు వేగం పుంజుకుంది. ఇంటి స్థలం, అతిథి మర్యాదల ఖర్చు, దూరం వంటి అభ్యంతరాలు దీంతో చాలావరకు తొలగిపోయాయి. వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి: "అడగకుండా గ్రూపులో చేర్చితే బాగుండదు", "రోజూ మెసేజులు వస్తే విసుక్కుంటారు", "వస్తువు చేత్తో పట్టుకుని చూడాలి కదా". సభ్యుల అనుమతి తీసుకుని చేర్చడం, పార్టీకి మొదలు, ముగింపు తేదీలు ప్రకటించడం, ముగిశాక గ్రూపు మూసేయడం వీటికి ఆచరణలో ఉన్న పరిష్కారాలు. సంబంధాల గురించిన జంకు మాత్రం ఆన్‌లైన్‌లోనూ మారలేదు.

## ప్రాముఖ్యం

బుకింగ్ అభ్యంతరాల అధ్యయనం రెండు విధాలుగా ఉపయోగపడుతుంది. విక్రేతకు అది ఏ ఇబ్బందిని తీర్చవచ్చో, ఏ నిరాకరణను గౌరవించాలో విడదీసి చూపుతుంది. సమయం, స్థలం, పరిచయాల అభ్యంతరాలు పార్టీ రూపం మార్చితే చాలావరకు తీరతాయి. కుటుంబ నిర్ణయానికి గడువు ఇవ్వాలి. స్నేహాల మధ్యకు వ్యాపారం తేవడం ఇష్టం లేదన్నవారి మాట తుది మాట. పిలుపు అందుకున్నవారికి ఈ అధ్యయనం తమ హక్కులను తెలుపుతుంది: పార్టీ పెట్టడం, పార్టీకి వెళ్లడం, వెళ్లాక కొనడం మూడు వేర్వేరు నిర్ణయాలు. ఒకదానికి ఒప్పుకున్నంత మాత్రాన మిగతా రెండింటికి ఎవరూ కట్టుబడి ఉండనక్కరలేదు.